పన్నుల డాక్టర్

"పన్నుల డాక్టర్ పోయిండక్కా" అన్నాడు మా తమ్ముడు, సైకిలుకు స్టాండు వేస్తూనే.

మా ఆయనది వరంగల్ వైపు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. పెళ్లయి ఇన్నేళ్లయినా పాతబస్తీ మాటలు ఆయనకు పూర్తిగా పట్టుబడలేదు. చేతిలో పేపరు దించి, "పన్నులకు డాక్టరేంది? ఇన్‌కంటాక్స్ ఆఫీసరా?" అని అడిగాడు. తమ్ముడికి నవ్వాగలేదు.

డాక్టరు రెండు ముక్కల్లో తేలే మనిషి కాడు. అందుకే మా ఆయనకు నోటితో చెప్పకుండా ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఆ డాక్టరు ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ చదివాడో, పిల్లలెందరో నాకు తెలియదు. అడిగేంత చనువు మా గల్లీలో ఎవరికీ ఉండేది కాదు. నోరు తెరిస్తే చాలు, ఆయన అందులోకి టార్చిలైటు వేసేవాడు. ఇక అడిగేదేముంది?

ముత్తాతల నాటి నుంచీ దివాణంలో కొలువు చేసిన ఇంటివాడు. హిందువే, కానీ ఇంట్లో మాట ఉర్దూ, కోపం వస్తే ఫార్సీ. తెలుగు మాత్రం నడివయసులో నేర్చుకున్నాడు. అదీ మనుషుల దగ్గర కాదు, ఏదో పాత వ్యాకరణ పుస్తకం ముందు పెట్టుకుని. దాంతో ఈ భూమ్మీద ఎవరూ మాట్లాడని తెలుగు ఆయన ఒక్కడే మాట్లాడేవాడు. "నోటిని తెరువుము. భయపడకుము. ఇక ఉమ్మివేయుము." ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడుస్తున్న పిల్లాడు కూడా "ఉమ్మివేయుము" అన్న మాట వినగానే ఏడుపాపి, ఇది తిట్టా మర్యాదా అని ఆలోచనలో పడేవాడు. ఆ సందులో పన్ను ఊడొచ్చేది.

కార్వాన్ నుంచి ధూల్‌పేట్ పోయే దారిలో, వినాయకులను చేసేవాళ్ల మట్టికుప్పల పక్కన ఆయన దవాఖానా. పైన బోర్డు. ఉర్దూలో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస, అన్నిటికంటే కింద తెలుగులో 'పన్నుల డాక్టర్'. మా బడిలో తెలుగు పంతులు గారు అది చూసి తట్టుకోలేక ఒకరోజు లోపలికి వెళ్లారట. 

"డాక్టర్ గారూ, పన్నులంటే సర్కారుకు కట్టేవండీ. నోట్లో ఉండేవాటిని పళ్లు అంటారు."

"కన్నుకు బహువచనమేమి?" అని అడిగాడు డాక్టరు.

"కన్నులు."

"కన్ను కన్నులైనప్పుడు, పన్ను పన్నులు కాకపోవుటకు అది చేసిన నేరమేమి?"

పంతులు గారు తల గోక్కున్నారు. 

"పైగా మీ బస్తీలో నోటిలోనివీ పండ్లే, బండి మీదివీ పండ్లే. నేను పండ్ల డాక్టర్ అని వ్రాయించిన, జనులు వచ్చి సీతాఫలములు బేరమాడుదురు."

పంతులు గారు ఓడిపోయారు. బోర్డు అలాగే ఉండిపోయింది. ఇంటిపన్ను ఎక్కువేశారని మొరపెట్టుకోవడానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఆ మెట్లెక్కేవారు. ఆయన వాళ్లనూ కూర్చోబెట్టి నోరు చూసి పంపేవాడు. వచ్చినవాళ్ల నోట్లో ఏదో ఒకటి దొరక్క మానేది కాదు.

ఎండైనా వానైనా మోకాళ్ల దాకా నల్లటి అచ్కన్ కోటు, చేతిలో గొడుగు, జేబులో టార్చి. మనుషుల ముఖాలు చూసే అలవాటు లేదు. గల్లీలో ఎదురుపడితే చూపు తిన్నగా మూతి మీద వాలేది. "నీవు ఎడమ కోర వంకరవాడవు కదా? తండ్రి కుశలమా?" అనేవాడు. ఆ తండ్రిని కూడా ముందుపళ్ల సందుతోనే గుర్తుపట్టేవాడు.

ఇక ఆయనకు చాలా చెడ్డపేరు తెచ్చిన మాట ఒకటుంది. సర్వసాధారణము. పిల్లవాడిని చంకనేసుకుని తల్లి పరుగెత్తుకొస్తుంది. "డాక్టర్ సాబ్, వీని పండ్లు ఒకదాని మీద ఒకటెక్కినయ్, ఏం రోగమో ఏందో!" ఆయన టార్చి వేసి చూసి ఆర్పేస్తాడు. "వంకర. సర్వసాధారణము. ఈ వయసు పిల్లలలో ఏ నోరు తెరిచినను ఇదే. బెంగ వలదు." తనవి కూడా వంకరే అని కింది పెదవి లాగి చూపించేవాడు. నిజంగానే ఆయన కింది వరస పెళ్లిభోజనాల దగ్గర బంతిలో చోటు కోసం తోసుకునే చుట్టాల్లా ఉండేది.

ఎవరికైనా ఊరట కలగాలి కదా? మా గల్లీలో కలిగేది కాదు. రిక్షా కట్టించుకుని, కొత్తచీర కట్టుకుని, ఇంత దూరం వచ్చింది తమ బిడ్డ అందరి బిడ్డల్లాంటిదే అని వినడానికా? రేషన్ షాపు గుమాస్తా ఒకాయన అయితే మొహం మీదే అడిగాడు. "మా వాడిది జర స్పెషల్ కేస్ గద సార్? మంచిగ సూడుండ్రి." డాక్టరు మళ్లీ చూశాడు. "మీవాడు నోటితో ఊపిరి పీల్చుచున్నాడు, బొటనవ్రేలు చీకుచున్నాడు. మిగిలినదంతయు సర్వసాధారణము." గుమాస్తా ఆ నెలంతా ఆయనకు చదువు రాదని ప్రచారం చేశాడు.

నాకు మాత్రం ఆ మాట అమృతం. ఎందుకో చెప్పాలంటే నా పన్ను సంగతి చెప్పాలి.

మాది పాడి ఇల్లు. కార్వాన్ వెనక సందులో బర్రెల కొట్టం, దాని పక్కన మేము. నాకు పదకొండో పన్నెండో ఏడు నడుస్తుండగా పై వరసలో, ఉన్న పన్ను పైన చిగురులోంచి ఇంకో కోరపన్ను పొడుచుకొచ్చింది. పన్ను మీద పన్ను. అదే వారంలో మా బర్రె పెయ్యదూడను ఈనింది. మిఠాయి దుకాణానికి పాలు పోసే వాడుక మాకే కుదిరింది. ఇంకేం, మా నాయనమ్మ లెక్క తేల్చేసింది. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. కొట్టం, పాలు, ఆమె కొడుకైన మా బాపు, అందరూ ఆమె చెప్పుచేతల్లోనే ఉండేవారు. "పన్ను మీద పన్నంటే ఊకెనే వస్తదా? లచ్చిమి గూట్ల కూసున్నట్టు కూసున్నది" అని గల్లీ అంతా చాటింది.

అప్పట్నుంచి నా నోరు నాది కాదు, ఇంటిది. చుట్టాలొస్తే "పన్ను సూపియ్యే" అనేది. పశువుల సంతకు తీసుకెళ్లేది. సంతలో కొనేవాళ్లు బర్రె నోరు తెరిచి పళ్లు చూసి వయసు కడతారు. మా అవ్వ అది అయ్యాక నన్ను ముందుకు తోసి, నా పై పెదవి ఎత్తి, బర్రెకు నా పన్ను చూపించేది. బర్రె చెవులాడిస్తే బేరం ఖాయం. ఈగలున్న సంతలో చెవులాడించని బర్రె ఎక్కడుంటుంది?

బడిలో నా పేరు 'డబుల్ డెక్కర్'. కింద సీట్లు ఖాళీ లేవా అని ఒకరు, టికెట్ టికెట్ అని ఒకరు. ఆ పన్ను కొస పై పెదవి లోపల గీసుకుపోయి పుండు పడేది. జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. అవ్వ దాని మీద ఇంత నెయ్యి రాసి "జర ఓర్సుకో బిడ్డా, అదృష్టం అంటే ఉత్తగ రాదు" అనేది. మాట్లాడినా, నవ్వినా, చివరికి ఆవులించినా నా చెయ్యి నోటికి అడ్డం పడేది. మెల్లగా మాట్లాడటం, నవ్వడం రెండూ తగ్గించేశాను. లోకంలో ఇలాంటి నోరు నాదొక్కదానిదే అనుకుని రాత్రుళ్లు ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో మా బడికి డాక్టరు కబురు పంపాడు. పిల్లల నోళ్లన్నీ ఉచితంగా చూస్తాడట. బడి చప్రాసీ గల్లీ గల్లీ తిరిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు అరిచాడు. "రేపు పన్నుల పరీక్ష! పెద్దసారు వస్తుండు! అందరు తయారుండాలె!"

పన్నుల పరీక్ష అనేసరికి పాడివాళ్ల గుండెలు జారిపోయాయి. ఎన్ని బర్రెలుంటే అంత పన్ను అని అప్పటికే గాలివార్త. తెల్లారేసరికి మా సందులో బర్రె అన్నది లేదు. ఉన్నవన్నీ జల్‌పల్లిలో చుట్టాల చేలలో ఉన్నాయి. వాటిని తోలుకుపోవడానికి పెద్దపిల్లలు పోయారు, చిన్నపిల్లలను బయటికి రానివ్వలేదు. బడిలో డాక్టరు ఖాళీ బెంచీలకు ఎదురుగా కాసేపు కూర్చుని, గొడుగు తీసుకుని, తనే ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరాడు.

మా అవ్వ కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక కొట్టం ఖాళీ. పేడ మాత్రం పొగలు కక్కుతోంది.

"మీ ఇంట పన్నులు సక్రమముగా ఉన్నవా?" అన్నాడు డాక్టరు.

"అన్నీ కట్టినం సారూ."

"కట్టితిరా? ఎవరు కట్టినారు?"

"మా కొడుకు కట్టిండు."

డాక్టరు నన్ను చూశాడు, అంటే నా మూతిని చూశాడు. "ఈ చిన్నపిల్లకు అప్పుడే కట్టుడు పన్నులా! కమాల్ హై! మీ కుమారుడు ఎచ్చట చదివినాడు?"

"వాడేడ సదివిండు సారూ, పాలు వోస్తడు."

ఆయన జేబులోంచి టార్చి తీశాడు. బర్రెల మాట ఎత్తలేదని అవ్వకు ధైర్యం వచ్చింది. వచ్చిన ఆఫీసరును మంచి చేసుకుందామని నా పెదవి ఎత్తి, "గిది సూడుండ్రి సారూ, పన్ను మీద పన్ను. మా ఇంటి లచ్చిమి" అంది. ఆయన టార్చి వేసి చాలాసేపు చూశాడు. టార్చి ఆర్పి, సంతోషంగా అవ్వ వైపు తిరిగాడు.

"పాలపన్ను ఇంకనూ పోలేదు. ఈ బాధకంతటికి అదే మూలము. దానిని తీసివేయవలెను."

ఇక్కడ మా గల్లీ సంగతి ఒకటి చెప్పాలి. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వారానికోసారి వచ్చి ప్రతి పాడి ఇంట్లో ఒక చెంబు పాలు పోయించుకుపోయేవాడు. ఏ ఆఫీసు నీదని అడిగే దమ్ము ఎవరికీ లేదు. ఖాకీ చొక్కా ఉంది కదా, చాలదూ? దానికి మావాళ్లు పెట్టుకున్న పేరే పాలపన్ను. పిల్లల పాలపళ్ల గురించి అవ్వకు తెలియక కాదు. కానీ పన్నుల సారు నోటి నుంచి వచ్చిన పాలపన్ను ఆమె చెవికి చెంబులాగే వినబడింది. 

అవ్వ చేతులు జోడించింది. "తీసేస్తరా సారూ? మీ సేతుల ఉన్నదా గది?"

"నా చేతిలోని పనియే. ఒక్క నిమిషము. ఆదివారము రండు."

"మా ఒక్కింటిదేనా, గల్లీల అందరిదా?"

"ఎవరెవరికున్నదో వారందరిదీ తీసెదను. ఇది సర్వసాధారణము."

మా అవ్వ జన్మలో ఎవరికీ ఇవ్వనంత పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది.

ఆదివారం పొద్దున పాడివాళ్లంతా ఊరేగింపుగా బయల్దేరారు. ముందు మా పక్కింటి పహిల్వాన్, చేతిలో బంతిపూల దండ. వెనక అవ్వ, ఆమె కొంగు పట్టుకుని నేను. దవాఖానా ముందు "పాలపన్ను తియ్యాలె!" అని ఒకరంటే "తియ్యాలె, తియ్యాలె!" అని అందరూ. డాక్టరు మెట్ల మీదికి వచ్చాడు. ఆ జనాన్ని చూసి అచ్కన్ బొత్తాలు సరిచేసుకున్నాడు. పళ్ల కోసం మనుషులు తమంతట తాము కదిలివచ్చే రోజు ఒకటొస్తుందని బహుశా ఎప్పుడూ అనుకుని ఉండడు.

"ఒక్కొక్కరుగా నోటిని తెరువుడు" అన్నాడు.

పహిల్వాన్ వెనక్కి తిరిగి చూశాడు. సర్కారు పని అంటే ఏదైనా చేయాలి కాబోలని మీసాలు పక్కకు తీసుకుని నోరు తెరిచాడు. డాక్టరు అద్దం పెట్టి అటూ ఇటూ వెతికాడు.

"ఈ వయసున మీకు పాలపన్ను ఎక్కడిది?"

"మస్తు దినాల సంది ఉన్నది సాబ్. వారం వారం గుంజుతున్నరు."

"వారం వారమా! ఎవరు గుంజుచున్నారు? ఏ డాక్టరు?"

"డాక్టర్ కాదు సాబ్. ఖాకీ సొక్కాయన. సెంబు దెచ్చి గుంజుకపోతడు."

చెంబు అనే మాట దగ్గర డాక్టరు ఆగిపోయాడు. అద్దం కిందపెట్టి, అక్కడున్న మూతులన్నీ వరసగా చూశాడు. ఆఖరికి నా మీద చూపు నిలిపి, "నేను చెప్పినది సర్కారు పన్ను కాదు. నోటిలోనిది. ఈ అమ్మాయిది ఒక పన్ను తీయవలెను" అన్నాడు. 

గల్లీ అంతా నా వైపు తిరిగింది. నా చెయ్యి ఎప్పుడో నోటి మీదికి పోయింది. పహిల్వాన్ తెరిచిన నోరు టక్కున మూశాడు. ఇంటికి వస్తూ ఆ దండను దారిలో ఆరబెట్టి ఉన్న, ఇంకా రంగైనా పడని వినాయకుడి మెడలో వేశారు. తెచ్చిన దండ ఉత్తగా పోకూడదు కదా.

అందరి తిట్లూ మా అవ్వకు పడ్డాయి. ఆమె తిట్లన్నీ డాక్టరుకు పడ్డాయి. "పన్నులు మాఫ్ చేస్తడనుకుంటె, మా ఇంటి అదృష్టం పీకుతడట! నా మనుమరాలి పన్ను ముట్టనీ, సేతులిరగ్గొడత!" తీసేది ఏ పన్ను అని ఆమె అడగలేదు. ఆమె దృష్టిలో నా నోట్లో ఉన్నది ఒకే పన్ను. మిగతావి ఉత్త ఎముకలు.

డాక్టరు ఊరుకుంటాడా? రెండు మూడు రోజులకోసారి వచ్చేవాడు. 

"అమ్మా, నేను చెప్పునది వినుము. పాల..."

"గా మాట మల్ల ఎత్తినవో సూడు!" అని అవ్వ పేడ చెయ్యి ఎత్తేది.

ఆ మాట అనకుండా విషయం చెప్పే తెలుగు ఆయన పుస్తకంలో లేదు. ఇలా కాదని ఒకరోజు గల్లీలో ఆడుకుంటున్న పిల్లలందరినీ పట్టుకొచ్చి మా అరుగు మీద నిలబెట్టాడు. "నోళ్లను తెరువుడు! చూడుము తల్లీ. వీనికి వంకర. దీనికి ఎత్తు. వీనికి సందు. అదిగో, పన్ను మీద పన్ను, వీనికి రెండు వైపులా. మీది అదృష్టము కాదు. సర్వసాధారణము."

నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. టికెట్ టికెట్ అని నన్ను ఏడిపించేవాడి నోట్లో రెండు వైపులా రెండు మేడలున్నాయి! అంతవరకు వాడు నోరు తెరిచి నవ్వగా నేను చూడలేదు. మరొకరిని నవ్వించేవాడికి నవ్వే పని ఉండదు కదా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నేను ఒక్కదాన్నే కాదు, ఇది అందరికీ వచ్చేదే. ఆ ఒక్క మాటతో గుండెల మీంచి బండ తీసినట్టయింది.

అవ్వకు మాత్రం తల తీసినట్టయింది. "గీళ్లందరికి అదృష్టం ఉంటె, గీ గల్లీల నల్లా నీళ్లు సక్కగ ఎందుకు రావయా?" అంది. 

"అదియే నేనును అడుగుచున్నది" అన్నాడు డాక్టరు.

మర్నాడు పక్కింటి పహిల్వాన్ భార్య తన కొడుకు పెదవి ఎత్తి వాళ్ల బర్రెకు చూపించింది. బర్రె తన్నింది. అయినా ఆమె మానలేదు. తన లక్ష్మి గల్లీ ఉమ్మడి ఆస్తి అయిపోయిందని అవ్వ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నా పుండు అలాగే ఉంది. పెదవి వాచింది. అన్నం కూడా మింగలేక గంజి తాగుతున్నాను.

అవ్వ ఆ మంటలో ఉండగానే ఖాకీ చొక్కా మనిషి చెంబు పట్టుకుని వచ్చాడు. అవ్వ కోపమంతా వాడి మీద పడింది. "పాలపన్నా? పో, గా పన్నుల డాక్టర్‌ను పోయి అడుగు! పాలపన్ను తీసేసిన అన్నడు! గల్లీ అందరిది తీసేసిన అన్నడు! పోరా పో!" 

వాడు బిత్తరపోయాడు. పన్నులకు డాక్టరు అనే పెద్ద హోదా ఒకటుందని వాడికీ తెలియదు. "ఏడుంటడు?" అన్నాడు. ఎటు పోతాడో చూసి రమ్మని అవ్వ నన్ను వెనక పంపింది.

వాడు బోర్డు చూశాడు. మూడు భాషల్లో ఉంది. లోపల నల్ల అచ్కన్ వేసుకుని నిటారుగా కూర్చున్న మనిషిని చూశాడు. చెంబు వీపు వెనక దాచుకున్నాడు.

"రమ్ము, కూర్చొనుము, నోటిని తెరువుము" అన్నాడు డాక్టరు, ఎప్పటిలాగే వాడి ముఖం చూడకుండా. వాడు కూర్చున్నాడు. టార్చి వెలిగింది. డాక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఇది ఎన్నాళ్ల నుండి జరుగుచున్నది?"

వాడి ముఖం పాలిపోయింది. "రెండేండ్ల సంది సాబ్."

"లోపలంతయు కుళ్లినది. ఇట్లే విడిచిన పక్కవాటికి వ్యాపించును. ఇంకను ఎక్కడెక్కడ ఉన్నది?"

"వెనక గల్లీల గూడ సాబ్... గంతే సాబ్, అమ్మతోడు గంతే."

"గల్లీ ఏమి? దవడలో గల్లీ ఏమి?" అని డాక్టరు పట్టకారు అందుకున్నాడు. "ఫికర్ చేయకుము. ఈ దినముతో దీనిని సమూలముగా పెకలించెదను."

కుర్చీ ఒక వైపు, చెంబు ఒక వైపు పడ్డాయి. వాడు మట్టికుప్పల మీంచి దూకి పారిపోయాడు. ఆ ఖాకీ చొక్కా మళ్లీ మా గల్లీలో కనబడలేదు. డాక్టరు చెంబు ఎత్తి చూసి, నాకిచ్చి, "ఎవరిదో మరచిపోయినారు" అన్నాడు. తను ఏం చేశాడో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. 

నేను వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. గల్లీ అంతా పగలబడి నవ్వింది. అవ్వ నవ్వలేదు. చెంబు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమెకు దేవుళ్ల దగ్గర కూడా బాకీ ఉండటం ఇష్టం ఉండదు. 

"మాట ఇచ్చిండు, తీసేసిండు" అంది చివరికి. "తీస్తనన్నది తీసిండు. ఇగ మనం ఎనుకకు పోతే ఏం బాగుంటది? నడువ్."

దారి పొడుగునా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది, పంటినొప్పి తనకే అన్నట్టు. ఎవరైనా అడిగితే తన పన్ను చూపించుకోవడానికి పోతున్నానని చెప్పింది. దవాఖానాలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టాక ఆమె గొంతు మారిపోయింది.

"పిల్ల రొట్టె తింటే నెత్తురొస్తది సారూ. నేను సూడలేదనుకున్నరా? సూసిన. రోజు సూసిన. బర్రెలు ఎండిపోతయేమోనని భయపడి ఊకున్న. ఇగ తీయుండ్రి. అదృష్టం పోతే పోనీ."

డాక్టరు సర్వసాధారణము అనలేదు. నాకు తెలిసి ఆ మాట అనాల్సిన చోట ఆయన అనకపోవడం ఆ ఒక్కసారే. సూది వేశాడు. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుని గొణుగుతోంది. పట్టకారు చల్లగా తగిలింది, ఏదో కటుక్కుమంది, అంతే. ఆయన దాన్ని దూది మీద పెట్టి అవ్వ అరచేతిలో ఉంచాడు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది.

అవ్వ కళ్లు తెరిచింది. చేతిలోకి చూసింది, నా నోట్లోకి చూసింది. పైన లక్ష్మి పైనే ఉంది. "ఏంది, మా దాన్ని తియ్యలే?"

"దానిని తీసెదనని నేను ఎన్నడు చెప్పితిని? కింద ఈ పాతది అడ్డుగా కూర్చున్నది. పైదానికి చోటు లేదు." ఆయన పట్టకారు తుడిచి కిందపెట్టాడు. "మీరు నన్ను అననివ్వని మాట ఇదియే తల్లీ. పాలపన్ను."

అవ్వ ఆ గింజను కదిపి చూసింది. "గింత దానికా గంత లొల్లి!" అంది. మళ్లీ నా నోట్లోకి చూసి, "మరి మా అదృష్టం?" అంది.

"ఇక మెల్లగా కిందికి దిగును."

"దిగనీ సారూ. గంత ఎత్తుల కూసుంటే ఎవలకు లాభం?"

ఆయన చెప్పినట్టు రోజూ బొటనవేలితో ఆ పన్నును కిందికి నొక్కుకుంటూ వచ్చాను. వానలు పోయి చలికాలం వచ్చేసరికి అది దిగి, వరసలో తన చోట నిలబడింది. పుండు మానింది. రొట్టె తిన్నాను. బర్రెలు కూడా ఎప్పటిలాగే పాలిచ్చాయి, తన్నాలనుకున్నప్పుడు తన్నాయి. అయినా నా చెయ్యి మాత్రం నోటి మీదే ఉండిపోయింది. ఎవరైనా పలకరిస్తే చాలు, దానంతట అదే లేచేది. అవ్వ తిట్టింది, బాపు బతిమాలాడు. పోలేదు. 

ఒకరోజు పొద్దున నల్లా దగ్గర పాల క్యాన్లు కడుగుతున్నాను. డాక్టరు గొడుగు ఊపుకుంటూ వచ్చి ఆగాడు.

"దిగినదా?"

"దిగింది సాబ్" అన్నాను, తడిచెయ్యి అడ్డం పెట్టుకునే.

"చూపుము."

చూపించాను. తల పంకించాడు. నా చెయ్యి మళ్లీ లేచి నోటికి అడ్డం పడింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"పన్ను తీయుట నా పని, తీసితిని. ఆ చెయ్యి నేను తీయలేను తల్లీ. దానిని నీవే తీసుకొనవలెను."

అని కదలకుండా నిలబడ్డాడు. వెనక ఎవరో దారి ఇమ్మని సైకిలు గంట కొట్టారు. కదలలేదు. నేను చెయ్యి దించాను. ఏం జరగలేదు. సైకిలతను నన్ను చూడకుండానే పక్కనుంచి వెళ్లిపోయాడు. డాక్టరు కూడా ఇంకేం అనకుండా ముందుకు నడిచాడు. రెండిళ్ల అవతల ఎవరో పిల్లాడితో "నోటిని తెరువుము" అనడం వినబడింది.

ఆ తర్వాత నా చెయ్యి మళ్లీ అక్కడికి పోలేదు. పెళ్లిచూపుల్లో పోలేదు, ఫోటోల్లో పోలేదు. బడిలో పిల్లలకు పాఠం చెబుతున్న ఇన్నేళ్లలోనూ పోలేదు. మొన్న తమ్ముడు సైకిలు స్టాండు వేస్తూ ఆ కబురు చెప్పినప్పుడే పోయింది. మా ఆయన రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. నాకు చెయ్యి తీయాలనిపించలేదు.